రాయలసీమ నుంచి ఆన్‌లైన్ వ్యాపారం: ఇంటింటికీ అమ్మాలా, కంపెనీలకు అమ్మాలా?

ధర్మవరం పట్టుచీర, తాడిపత్రి బండ, బనగానపల్లె మామిడి, అనంతపురం శనగకాయల చిక్కీ. నాలుగూ సీమ సరుకులే, నాలుగింటికీ ఆన్‌లైన్‌లో గిరాకీ ఉంది. కానీ చీర అమ్మే పద్ధతిలో బండ అమ్ముడుపోదు, చిక్కీ అమ్మే పద్ధతిలో మామిడి అమ్మితే పండు దారిలోనే పోతుంది.

ఏ యాప్‌లో పెట్టాలన్నది చివర్లో తేల్చుకోవలసిన సంగతి. ముందు తేలాల్సినవి మూడున్నాయి. డబ్బు ఎవరిస్తారు? ఎప్పుడిస్తారు? సరుకు నచ్చకపోతే ఎవరి ఖర్చుతో వెనక్కి వస్తుంది? ఆన్‌లైన్ వ్యాపార పద్ధతులకు ఎన్ని పేర్లున్నా, వాటి మధ్య అసలు తేడా ఈ మూడింటిలోనే ఉంటుంది. కర్నూలు, కడప, అనంతపురం వైపు నుంచి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆ తేడా ఎక్కడెక్కడ తగులుతుందో వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: పేర్లు తెలుసుకోండి, భయపడకండి

వాడుకునే మనిషికే నేరుగా అమ్మితే బీటూసీ. ఇంకో వ్యాపారానికో సంస్థకో అమ్మితే బీటూబీ. తయారుచేసినవాళ్లే మధ్యలో దుకాణం లేకుండా తమ పేరు మీద కస్టమర్‌కు అమ్మితే దాన్ని డీటూసీ అంటారు, అది బీటూసీలో ఒక రకం. మీరు ఒక వ్యాపారికి ఇస్తే ఆ వ్యాపారి కస్టమర్‌కు అమ్మి, పార్సిల్ మాత్రం మీ దగ్గర నుంచే వెళ్తే అది బీటూబీటూసీ. ప్రభుత్వ ఆఫీసులకు అమ్మేది బీటూజీ.

ఇంకో విభజన కూడా తెలిసి ఉండాలి. మార్కెట్‌ప్లేస్ అంటే సంత: స్థలం వాళ్లది, సరుకు మీది. ఇన్వెంటరీ పద్ధతిలో సరుకు కూడా వాళ్లే కొని అమ్ముతారు. విదేశీ పెట్టుబడి ఉన్న సంస్థలు మన దేశంలో వినియోగదారులకు ఇన్వెంటరీ పద్ధతిలో అమ్మకూడదు. 2019 ఫిబ్రవరి 1 నుంచి ఈ నిబంధన ఇంకా బిగిసింది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి చోట "సెల్లర్" అంటూ వేరే పేరు కనిపించేది అందుకే. కస్టమర్ ఫిర్యాదు చేస్తే సెల్లర్‌గా జవాబు చెప్పాల్సింది మీరే.

రెండో అడుగు: ఒక్క ప్యాకెట్ లెక్క కాగితం మీద వేయండి

చాలామంది ఈ అడుగు దాటేసి నేరుగా ఫోటోలు తీయడం మొదలుపెడతారు. నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి లేదు.

అర కిలో చిక్కీ ప్యాకెట్ తీసుకుందాం. అంకెలు ఊహించుకున్నవే, మీ అంకెలు మీరు వేసుకోండి. జీఎస్టీ పక్కన పెడుతున్నాను. శనగకాయలు, బెల్లం, గ్యాస్, కూలి కలిపి 110 రూపాయలు. కవరు, లేబుల్ 12. అట్టపెట్టె 10. కొరియర్ 80. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు అందుకునే సేవ) 5. ఆ కస్టమర్‌ను రప్పించడానికి ప్రకటన ఖర్చు 30. మొత్తం 247. అమ్మే ధర 260 అయితే మిగిలేది 13 రూపాయలు. పదిమందిలో ఒక్కరు పార్సిల్ తీసుకోకపోయినా ఆ పది ప్యాకెట్ల లాభమూ తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక్కడ కొరియర్ లెక్కను దగ్గరగా చూడాలి. అర కిలో ప్యాకెట్‌ను పెట్టెలో పెట్టి టేపు వేశాక కాటా మీద 580 గ్రాములు తూగుతుంది. కొరియర్ వాళ్ల రేట్లు సాధారణంగా అర కిలో మెట్లుగా ఉంటాయి కాబట్టి 580 గ్రాములకు కిలో డబ్బులు కడతారు. అదే 400 గ్రాముల ప్యాకెట్ చేస్తే మొదటి మెట్టులోనే సరిపోతుంది. లేదంటే రెండు అర కిలోల ప్యాకెట్లు కలిపి 520కి అమ్మండి. సరుకు, కవర్లు 244, పెట్టె 12, కిలోన్నర మెట్టుకు కొరియర్ 110, గేట్‌వే 10, ప్రకటన 30. మొత్తం 406, మిగిలేది 114. చిక్కీ అదే, కస్టమర్ అదే. జంట ప్యాక్ చేయడంతో వ్యాపారం నిలబడింది.

బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ ఉన్న వస్తువులకు ఇంకో లెక్క ఉంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి సాధారణంగా 5000తో భాగిస్తారు. అసలు బరువు, ఈ లెక్కలో వచ్చిన బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు చేసే ల్యాంప్‌షేడ్‌ను 40×40×40 పెట్టెలో పంపితే కాటా మీద కిలోన్నర ఉన్నా 12.8 కిలోల ఛార్జీ పడుతుంది. ఫ్రేమ్ విప్పి, తోలును చుట్టి సన్నని పెట్టెలో పెట్టేలా తయారుచేస్తే ఛార్జీ ఒక్కసారిగా పడిపోతుంది. అంటే ఆన్‌లైన్‌లో అమ్మాలంటే కొన్నిసార్లు వస్తువు తయారీనే మార్చుకోవాలి.

ఇప్పుడు అదే చిక్కీని కంపెనీకి అమ్మిన లెక్క చూడండి. బెంగళూరులో ఒక క్యాంటీన్ నిర్వాహకుడు ప్యాకెట్ 165 చొప్పున 100 అడిగాడు అనుకుందాం. సరుకు, కవరు 122, లారీ పార్సిల్‌కు ప్యాకెట్‌కు 4. ఒక్కోదాని మీద 39, వంద మీద 3,900 మిగులుతుంది. ప్రకటన లేదు, రిటర్న్ దాదాపు లేదు. కాకపోతే డబ్బు 45 రోజులకు వస్తుంది. మీ 12,600 అంతకాలం అక్కడే ఇరుక్కుంటుంది. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బయితే నెలన్నరకు 378 పోతుంది. నాలుగు నెలలు లాగితే 1,008. అప్పటికీ లాభమే, కానీ ఆ నాలుగు నెలల్లో అదే డబ్బు రెండుసార్లకు పైగా తిరగాల్సింది.

మూడో అడుగు: ఇంటింటికీ అమ్మే దారుల్లో మీది ఎంచుకోండి

వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దారి అన్నిటికంటే చౌక. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టుకోవచ్చు, యూపీఐలో డబ్బు ముందే వస్తుంది, కమీషన్ లేదు. పరిచయస్తులతో మొదలై వాళ్ల బంధువుల దాకా వెళ్తుంది. రోజుకు పదీ ఇరవై ఆర్డర్ల వరకు ఇది హాయిగా నడుస్తుంది. ఆ తర్వాత ఎవరు డబ్బు వేశారు, ఎవరికి పంపాం అన్నది కలగాపులగమై టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు సొంత వెబ్‌సైట్ గురించి ఆలోచించండి, అంతకుముందు అక్కర్లేదు.

సొంత వెబ్‌సైట్ పెట్టినంత మాత్రాన జనం రారు, రప్పించే ఖర్చంతా మీదే. కస్టమర్ ఫోన్ నంబర్ మీ దగ్గర ఉండడమే దాని వల్ల వచ్చే పెద్ద లాభం. చిక్కీ, పొడులు, రాగి పిండి, కొర్రలు లాంటివి రెండోసారి, మూడోసారి కొంటారు కాబట్టి వాటికి సొంత సైటు కిట్టుబాటు అవుతుంది. పెళ్లికి ఒక్కసారి కొనే పట్టుచీర ఒక్కటే అమ్మేవాళ్లకు అంత సులువుగా కాదు. సైటు పెడితే 2020 ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనలు కూడా గుర్తుంచుకోండి. చిరునామా, ఫిర్యాదులు చూసే మనిషి పేరు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలోపు పరిష్కరించాలి.

మార్కెట్‌ప్లేస్‌లో జనం సిద్ధంగా ఉంటారు, పోటీ కూడా అంతే సిద్ధంగా ఉంటుంది. కమీషన్, షిప్పింగ్, వాటి మీద 18 శాతం జీఎస్టీ పోగా మీ చేతికి ఎంతొస్తుందో సెల్లర్ ప్యానెల్‌లోని కాలిక్యులేటర్‌లో వేసి చూసుకోండి. మీషో 2021 నుంచి సెల్లర్ల దగ్గర కమీషన్ తీసుకోవడం లేదని ప్రకటించింది. అయినా అక్కడ ధరల పోటీ గట్టిగా ఉంటుంది, మగ్గం చీరను పవర్‌లూమ్ చీర పక్కన నిలబెడితే ధరలో నెగ్గలేం. ఏ మార్కెట్‌ప్లేస్‌లో అయినా మీ చెల్లింపులోంచి జీఎస్టీ కింద 0.5 శాతం (టీసీఎస్), ఆదాయపు పన్ను కింద 0.1 శాతం (టీడీఎస్) ముందే పట్టుకుంటారు. ఇవి ఖర్చు కాదు, రిటర్నులు సరిగ్గా వేస్తే మీ ఖాతాకే జమవుతాయి. వేయనివాళ్లు ఊరికే వదులుకుంటున్నారు.

ఓఎన్‌డీసీ మాత్రం ఒక్క సంస్థ యాప్ కాదు, చాలా యాప్‌లను కలిపే నెట్‌వర్క్. మీరు ఒక సెల్లర్ యాప్‌లో చేరితే ఆ నెట్‌వర్క్‌లో ఉన్న వేర్వేరు కొనుగోలు యాప్‌లలో మీ సరుకు కనిపించే వీలుంటుంది.

బనగానపల్లె మామిడికి ముందస్తు ఆర్డర్ పద్ధతి చక్కగా సరిపోతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పండు, పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. కోతకు ముందే పెట్టెకు ఇంత అని ఆర్డర్, డబ్బు తీసుకుని, అందిన ఆర్డర్ల మేరకే కాయ కోయించి, గట్టికాయ ఉండగానే బస్సు పార్సిల్‌లో హైదరాబాద్, బెంగళూరు పంపిస్తే మిగులు సరుకు కుళ్లే బాధ ఉండదు. పెట్టెలో ఎన్ని కాయలు, ఎన్ని రోజులు మాగబెట్టాలి, దెబ్బతిన్న కాయకు ఏం చేస్తారు అన్నది ఆర్డర్ తీసుకునేటప్పుడే రాసి పంపండి.

కర్నూలు సోనా బియ్యానికి నెలవారీ చందా పద్ధతి బాగుంటుంది. కానీ 25 కిలోల బస్తాను కొరియర్‌లో పంపితే కిట్టదు. ఒకే ఊళ్లో, సొంత ఆటోలో, వీధుల వారీగా వారం పంచుకుని ఇచ్చేటట్టయితేనే పెట్టుకోండి.

డ్రాప్‌షిప్పింగ్ గురించి యూట్యూబ్‌లో ఊదరగొడుతుంటారు: మీరు ఆర్డర్ తీసుకుంటారు, ఇంకెవరో పంపుతారు. సరుకు చేతితో పట్టుకుని చూడకుండా దాని నాణ్యతకు పూచీ పడే వ్యాపారం ఇది. సొంత సరుకు పండే ప్రాంతంలో ఉండి దీంతో మొదలుపెట్టొద్దనే నా సలహా.

క్యాష్ ఆన్ డెలివరీ విషయంలో మెత్తబడకండి. తలుపు దగ్గర వద్దన్న పార్సిల్‌కు రానూపోనూ ఛార్జీలు మీకే పడతాయి. కనీసం వంద రూపాయలు యూపీఐలో ముందు వేస్తేనే పంపుతాం అని చెప్పండి. కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు వేస్తారు.

నాలుగో అడుగు: చీరలవాళ్లు రీసెల్లర్ పద్ధతిని శ్రద్ధగా నేర్చుకోవాలి

ధర్మవరం, మాధవరం, ఎమ్మిగనూరు వైపు చేనేత సరుకు ఆన్‌లైన్‌లో ఎక్కువగా కదిలేది రీసెల్లర్ల చేతుల మీదుగానే. షాపువాళ్లు గ్రూపులో ఫోటో, వీడియో పెడతారు. "సింగిల్స్ అవైలబుల్, షిప్పింగ్ ఎక్స్‌ట్రా" అని ధర రాస్తారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న అక్క ఆ ఫోటోను తన గ్రూపులో పెట్టి అయిదారు వందలు వేసుకుని అమ్ముతుంది. పార్సిల్ మాత్రం ధర్మవరం నుంచి ఆమె పేరు మీద వెళ్తుంది. ఇదే బీటూబీటూసీ. కస్టమర్‌ను వెతికే పని మీకు తప్పుతుంది, ఆమెకు పెట్టుబడి పెట్టే పని తప్పుతుంది.

ఇది నిలవాలంటే కొన్ని కట్టుబాట్లు కావాలి. పార్సిల్‌లో మీ షాపు బిల్లు, కార్డు పెట్టకూడదు, ఆమె కస్టమర్‌కు మీరు నేరుగా ఫోన్ చేయకూడదు. మీ సొంత ఇన్‌స్టాగ్రామ్ పేజీలో అదే చీరను రీసెల్లర్‌కు ఇచ్చే ధరకే పెడితే ఒక్క రోజులో గ్రూపు ఖాళీ అవుతుంది. అందుకని ముందే రెండు ధరలు రాసుకోండి: రీసెల్లర్ ధర ఒకటి, మీరు నేరుగా అమ్మే ధర ఒకటి. రెండోది రీసెల్లర్లు అమ్మే ధరకు తగ్గకూడదు.

చీర రిటర్న్ ఎక్కువగా వచ్చేది రంగు వల్లే. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫోటోలో ఆనందా నీలం ఒకలా, పగటి వెలుగులో ఇంకొకలా కనిపిస్తుంది. పొద్దున పూట నీడ పట్టున తీయండి. అంచు, కొంగు, బ్లౌజు ముక్క విడివిడిగా చూపించండి. ధర్మవరం చీరల్లో రెండు రంగుల పోగులతో నేసిన డబుల్ షేడ్‌కు ఫోటో ఒక్కటి చాలదు. బట్టను చేత్తో కదిలిస్తూ పది సెకన్ల వీడియో తీస్తేనే ఆ మెరుపు మారడం తెలుస్తుంది. చీర వెనకవైపు పోగులు కూడా చూపించండి, తెలిసినవాళ్లు అదే అడుగుతారు. సిల్క్ మార్క్, హ్యాండ్లూమ్ మార్క్ ట్యాగులు ఉంటే ముఖం తెలియని కొనుగోలుదారుకు అవే భరోసా. పెట్టె విప్పుతున్నప్పుడు తెగకుండా తీసిన వీడియో ఉంటేనే డ్యామేజీ ఫిర్యాదు తీసుకుంటామని ముందే చెప్పి ఉంచితే గొడవలు తగ్గుతాయి.

అయిదో అడుగు: కంపెనీలకు అమ్మేటప్పుడు సరుకు కంటే కాగితం గట్టిగా ఉండాలి

తాడిపత్రి, బేతంచెర్ల పాలిష్ బండలు, కడప నాపరాళ్లు ఎవరూ కార్ట్‌లో వేసుకుని కొనరు. బిల్డర్, కాంట్రాక్టర్, ఆర్కిటెక్ట్ ముందు ఫోన్ చేస్తారు, శాంపిల్ అడుగుతారు, లారీ లోడు ధర మాట్లాడతారు. ఈ సరుకులకు ఇండియామార్ట్ లాంటి లీడ్ డైరెక్టరీలు పనికొస్తాయి. అక్కడ మీరు కొనేది ఎంక్వయిరీలనే, ఆర్డర్లను కాదు. ఎంక్వయిరీకి గంటలోపు ఫోన్ చేసినవాళ్లకూ సాయంత్రం చేసినవాళ్లకూ ఫలితంలో చాలా తేడా ఉంటుంది, ఎందుకంటే అదే ఎంక్వయిరీ ఇంకా కొందరికి వెళ్లి ఉంటుంది. మందం, సైజు, పాలిష్ రకం, చదరపు అడుగు ధర, లోడింగ్ ఎవరిది, దారిలో పగిలితే ఎవరిది అన్నవి ఒక పేజీ కొటేషన్‌లో పెట్టుకుని సిద్ధంగా ఉండండి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే రవాణా పత్రం) లేకుండా లారీ కదలకూడదు.

కంపెనీ కొనుగోలుదారు మీ బిల్లులో తన జీఎస్టీ నంబర్ సరిగ్గా ఉందా, మీరు రిటర్న్ సమయానికి వేశారా అని చూస్తాడు. మీరు వేయకపోతే అతనికి ఇన్‌పుట్ క్రెడిట్ (మీకు కట్టిన జీఎస్టీని తన పన్నులో తగ్గించుకునే వీలు) రాదు, రెండోసారి ఆర్డర్ కూడా రాదు.

బీటూబీలోనే వైట్ లేబుల్ అని ఒక పద్ధతి ఉంది: మీరు తయారుచేస్తారు, వాళ్ల పేరు మీద ప్యాక్ అవుతుంది. రాగి పిండి, చిరుధాన్యాల వస్తువులు చేసేవాళ్లకు ఇది మిషన్లు ఖాళీగా ఉండకుండా కాపాడుతుంది. ఉన్న సరుకంతా ఒకే బ్రాండుకు రాసివ్వొద్దు, వాళ్లు ధర నొక్కినప్పుడు మీకు ఇంకో దారి ఉండాలి. ప్రభుత్వ కొనుగోళ్లకు 2016లో మొదలైన జెమ్ పోర్టల్ ఉంది. టాలీ ఎంట్రీలు, డిజైనింగ్, వీడియో ఎడిటింగ్ లాంటి సేవలను అనంతపురంలో కూర్చుని బెంగళూరు సంస్థలకు ఇచ్చేదీ బీటూబీనే, దానికి గోడౌన్ ఖర్చు కూడా లేదు.

బాకీ వసూలుకు చట్టం మీ వైపు ఉంది, చాలామంది వాడుకోరు. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. సూక్ష్మ, చిన్న సంస్థగా సరుకు తయారుచేసేవాళ్లకూ సేవలు అందించేవాళ్లకూ కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా. అంతేకాదు, ఆ గడువు దాటి చెల్లిస్తే కొనుగోలుదారు ఆ మొత్తాన్ని చెల్లించిన సంవత్సరంలోనే ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోగలడు. మార్చి వచ్చేసరికి కంపెనీల ఆడిటర్లు వాళ్లంతట వాళ్లే ఈ బాకీల గురించి అడుగుతారు. అందుకే ఉద్యమ్ నంబర్‌ను ప్రతి బిల్లు మీద అచ్చు వేయించండి. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఉద్యమ్ ఉన్నా ఈ ఆలస్య చెల్లింపు రక్షణ వర్తించదు.

ఆరో అడుగు: జీఎస్టీ, లేబుళ్లు

సరుకుల అమ్మకం ఏడాదికి 40 లక్షలు దాటేవరకు జీఎస్టీ అక్కర్లేదని విని చాలామంది ధీమాగా ఉంటారు. సీమవాళ్లకు ఇక్కడే చిక్కు. మనకు దగ్గరి పెద్ద మార్కెట్లు బెంగళూరు, హైదరాబాద్, చెన్నై. మూడూ వేరే రాష్ట్రాల్లో ఉన్నాయి. పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. నోటిఫై చేసిన కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది, మార్కెట్‌ప్లేస్ ద్వారా అమ్మితే అది పనికిరాదు. ఆంధ్రప్రదేశ్‌లోపలే మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముకునే చిన్నవాళ్లు 2023 అక్టోబర్ 1 నుంచి రిజిస్ట్రేషన్ బదులు ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తో సరిపెట్టుకోవచ్చు. సేవలైతే పరిమితి 20 లక్షలు, రాష్ట్రం దాటినా అదే.

తినే వస్తువు ఏదైనా ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబర్ ఉండాలి. తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, ఫిర్యాదుకు ఫోన్ నంబర్, శాకాహార గుర్తు కూడా. లేబుల్ వేలల్లో అచ్చు వేయించే ముందు ఒకసారి తెలిసినవాళ్లకు చూపించుకోండి.

ఏడో అడుగు: వరుస

మొదట వాట్సాప్‌లో తెలిసినవాళ్లకు, డబ్బు ముందు తీసుకుని అమ్మండి. ఏ సైజు ప్యాకెట్ తిరిగి తిరిగి అడుగుతున్నారో అక్కడే తెలుస్తుంది. అది తేలాక ఒకే ఒక్క మార్కెట్‌ప్లేస్‌లో, బాగా కదిలే రెండు మూడు రకాలు మాత్రమే పెట్టండి. కంపెనీ ఆర్డర్లు దీపావళి, సంక్రాంతి కానుకల సమయంలో సులువుగా దొరుకుతాయి, దానికి రెండు నెలల ముందే శాంపిల్స్ పంపాలి. మొదటి ఆర్డర్‌కు సగం అడ్వాన్స్, రెండోదానికి సరుకు అందగానే చెల్లింపు, మూడో ఆర్డర్ నుంచి అరువు. ఆ అరువుకు కూడా ఒక హద్దు అంకెల్లో రాసుకోండి. పాత బాకీ ఆ హద్దుకు చేరితే కొత్త లోడు పంపకండి, ఎంత పెద్ద కంపెనీ అయినా సరే.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల నుంచి చీరలకు ఆర్డర్లు రావడం మొదలైతే ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతిదారులకు ఇచ్చే నంబర్) తీసుకోండి, ఆన్‌లైన్‌లో ఫీజు 500 రూపాయలు. జీఎస్టీ పోర్టల్‌లో ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేస్తే పన్ను కట్టకుండానే ఎగుమతి చేయొచ్చు. తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల ద్వారా చిన్న పార్సిళ్ల కస్టమ్స్ పత్రాలు కూడా పూర్తవుతాయి. తిండి వస్తువులకు ఆ దేశపు ఆహార నిబంధనలు అదనంగా ఉంటాయి కాబట్టి ముందు చీరలతోనే మొదలుపెట్టండి.